పాత లెడ్జర్ అట్టలో నీలం నరాలు

మొన్న అటక సర్దుతుంటే మా తాతగారి కొట్టు ఖాతా పుస్తకం ఒకటి దొరికింది. అట్ట తెరిస్తే లోపల అంటించిన కాగితం నిండా ఇటుక రంగు, పసుపు మచ్చలు, వాటి మధ్య సన్నగా నీలం నరాలు. మా అమ్మాయి "ఇది ప్రింటింగా నాన్నా?" అని అడిగింది. భూతద్దం పెట్టి చూశాం, అచ్చు చుక్కలు ఒక్కటీ లేవు. ఇది నీళ్ళ మీద తేలుతున్న రంగుని కాగితంతో ఎత్తి తీసిన పని, మార్బ్లింగ్ అంటారు.

చరిత్ర క్లుప్తంగా చెప్తాను. జపాన్‌లో 12వ శతాబ్దానికే సుమినగషి అనే పేరుతో ఈ కళ ఉంది, తర్వాత టర్కీలో ఎబ్రు అనే పేరుతో ఉంది. 17వ శతాబ్దంలో బీజాపూర్ చిత్రకారులు ఈ పద్ధతిలోనే బక్కచిక్కిన గుర్రాల బొమ్మలు చేశారు, అదే శతాబ్దంలో యూరప్ బైండర్లు ఈ కాగితాల్ని అట్టల లోపల అంటించడం మొదలుపెట్టారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ నీలం నరాలు.

వెడల్పాటి తొట్టిలో ట్రాగకాంత్ బంక కలిపిన చిక్కటి నీళ్ళు పోస్తారు (మన ఏజెన్సీలో గిరిజనులు సేకరించే తపసి బంకకి ఇండియన్ ట్రాగకాంత్ అనే పేరుంది). రంగులో కొంచెం ఎద్దు పైత్యరసం కలిపి చుక్క వేస్తారు. అది లేకపోతే రంగు సరిగ్గా విచ్చుకోదు, చాలావరకు అడుక్కి దిగిపోతుంది. మామూలు నీటి తలతన్యత, అంటే నీటి పైపొర బిగుతు, మీటరుకి 72 మిల్లీన్యూటన్ల దాకా ఉంటుంది. పైత్యరసం ఉన్నచోట అది తగ్గుతుంది, చుట్టూ ఉన్న నీటిది తగ్గదు, కాబట్టి చుట్టూ నీరే చుక్క అంచుని తన వైపు లాగేస్తుంది. ప్లేటులో నీళ్ళు పోసి మిరియాల పొడి చల్లి, మధ్యలో సబ్బు వేలు పెట్టి చూడండి, అచ్చం ఇదే. స్కూల్లో తలతన్యత ఫిజిక్స్ మాస్టారు చెప్తారు, పైత్యరసం బయాలజీ టీచర్ చెప్తారు, రెండూ ఒకే కథ అని నాకు ఎవరూ చెప్పలేదు, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇప్పుడు అసలు అందం. 4 సెంటీమీటర్ల వ్యాసార్థంతో ఒక నీలం మచ్చ ఉందనుకోండి. దాని నడిమధ్యలో ఇటుక రంగు చుక్క పడి 3 సెంటీమీటర్ల వ్యాసార్థానికి విచ్చుకుంది. రంగులు కలవవు, నీలం పక్కకి జరుగుతుంది, దాని వైశాల్యం మారదు అనుకుందాం (నిజానికి కొంచెం నొక్కుకుని చిక్కబడుతుంది). అప్పుడు బయటి అంచు 16కి 9 కలిపి వర్గమూలం తీస్తే వచ్చే 5 దగ్గరికి చేరుతుంది. పైథాగరస్ ఇక్కడ కూడా! నీలం ఇప్పుడు 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంగరం. మళ్ళీ మధ్యలో పసుపు పడి 12 దాకా విచ్చుకుంటే బయటి అంచు 13కి, లోపలి అంచు దాదాపు 12.4కి వెళ్తాయి. అంత నీలమూ 0.6 సెంటీమీటర్ల గీతలో సర్దుకుంది. అంటే మా లెడ్జర్‌లో నరంలా కనిపించేదే అందరికంటే ముందు తొట్టిలో పడిన రంగు! తర్వాత వచ్చే రంగులు ఇరుకులో చోటు చేసుకోవాలి కాబట్టి ఒక్కోదానికీ పైత్యరసం పెంచుకుంటూ పోతారు.

రెండు తొట్టెలు ఒకేలా రావు. అందుకే 1775లో అమెరికా 20 డాలర్ల నోటుకి దొంగనోట్ల భయంతో ఒక అంచున ఈ కాగితం వాడారు. లెడ్జర్ల అంచులకీ వేసేవాళ్ళు, ఎవరైనా పేజీ చింపితే అక్కడ గీత తెగిపోయి దొరికిపోతారు.

రంగు కాగితానికి పట్టాలంటే ముందు దానికి పటిక నీళ్ళు రాసి ఆరబెట్టాలి. కొట్టు గుమ్మానికి దిష్టికి వేలాడదీసే పటికే. దిష్టిని నేను నమ్మను, కానీ ఇక్కడ పటిక పని కళ్ళారా చూడొచ్చు: అందులోని అల్యూమినియం రంగునీ నారనీ కలిపి పట్టుకుంటుంది, అది లేకపోతే కడగగానే బొమ్మ కారిపోతుంది.

ఆ కాగితాన్ని తొట్టి మీదికి ఒక మూల నుంచి మెల్లగా వాల్చాలి. కింద గాలి బుడగ చిక్కితే అక్కడ రంగు అంటదు. మా లెడ్జర్ అట్టలో కింద కుడి మూల, పావలా కాసంత తెల్ల మచ్చ ఒకటి ఉంది.