కార్డ్‌లెస్ బ్యాటరీలు: "స్లాట్‌లో కూర్చుంది కదన్నా, ఇంకేంటి?"

విజయవాడలో పవర్ టూల్స్ రిపేరు చేసే మాలాంటివాళ్ల దగ్గరికి ఈమధ్య కాలిన మోటార్ల కంటే చచ్చిపోయిన బ్యాటరీలే ఎక్కువ వస్తున్నాయి. ఫాల్స్ సీలింగ్ కుర్రాళ్లు, ఏసీ బిగించేవాళ్లు, కార్పెంటర్లు... ఎవరి సంచి విప్పినా మూడు కంపెనీల మెషీన్లు, రెండు చార్జర్లు. దేనికి ఏది పెట్టొచ్చన్న దగ్గరే తంటా అంతా.

అపోహ: 20 వోల్టుల మెషీన్ 18 కంటే బలమైనది

రెండూ ఒకటే. ఒక లిథియం సెల్ మామూలుగా 3.6 వోల్టులు ఇస్తుంది, ఫుల్ చార్జ్‌లో 4.2. ఐదు సెల్స్ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపితే 18, చార్జర్ నుంచి తీసిన వెంటనే కొలిస్తే 21. డివాల్ట్ అమెరికాలో '20 వోల్ట్ మ్యాక్స్' అని అమ్మేదాన్నే యూరప్‌లో 18 అంటుంది. బాష్ మూడు సెల్స్ ప్యాక్‌ని ముందు 10.8 అనేది, తరవాత 12 అని రాయడం మొదలుపెట్టింది. పాత మెషీన్లకు కొత్త ప్యాక్‌లు పడతాయి, మారింది స్టిక్కరే.

ఇక బ్రాండు లేని సరుకు మీద 48, 88, 128 అని పెద్ద అంకె, పక్కన 'వీఎఫ్' అని ఉంటుంది. వాటిని విప్పితే చాలావాటిలో ఉండేది అదే ఐదు సెల్స్ సిరీస్. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

అపోహ: వోల్టులు కలిస్తే ఏ బ్యాటరీ అయినా నడుస్తుంది

ప్యాక్ మీద ప్లస్, మైనస్ కాక ఇంకొన్ని చిన్న టెర్మినల్స్ ఉంటాయి. సెల్స్ ఎంత వేడెక్కాయో, ప్యాక్ ఏ రకమో, ఇక ఆపాలో వద్దో మెషీన్‌కీ చార్జర్‌కీ తెలిసేది వాటి ద్వారానే. ఆ ఏర్పాటు ఏ కంపెనీది ఆ కంపెనీదే. ఒకే కంపెనీలో కూడా కలవకపోవచ్చు. బాష్ నీలం రంగు ప్రొఫెషనల్ ప్యాక్, ఇళ్లలో వాడే ఆకుపచ్చ రంగు ప్యాక్, రెండూ 18 వోల్టులే, ఒకదాని మెషీన్‌లో మరొకటి పట్టదు. డివాల్ట్, స్టాన్లీ, బ్లాక్ అండ్ డెకర్ ఒకే యాజమాన్యం కిందివి, అయినా బ్యాటరీలు వేరు. మకిటా 18 వోల్టుల ఎల్‌ఎక్స్‌టీ ప్యాక్ 40 వోల్టుల ఎక్స్‌జీటీ మెషీన్‌కి పనికిరాదు.

డివాల్ట్ 2016లో తెచ్చిన ఫ్లెక్స్‌వోల్ట్ ప్యాక్‌ది ఇంకో కథ, దాని తెలివికి నేను ముచ్చటపడతాను. లోపల పదిహేను సెల్స్, ఐదేసి చొప్పున మూడు గుంపులు. 60 వోల్టుల మెషీన్‌లో పెడితే గుంపులు సిరీస్‌లో కలుస్తాయి, 20 వోల్టుల మెషీన్‌లో పెడితే ప్యారలల్‌లో, అంటే పక్కపక్కన. అందుకే అది రెండింటికీ నడుస్తుంది. మామూలు 20 వోల్టుల ప్యాక్ మాత్రం 60 మెషీన్‌ని నడపలేదు. కంపెనీలు కూడబలుక్కున్న సందర్భాలూ ఉన్నాయి: బాష్ నీలం ప్యాక్ యాంప్‌షేర్ పేరుతో ఫైన్ లాంటి వేరే బ్రాండ్లకు కూడా పనిచేస్తుంది. మెటాబో మొదలుపెట్టిన క్యాస్ కూటమీ అలాంటిదే.

అపోహ: అడాప్టర్ తెచ్చుకుంటే గొడవే ఉండదు

ఆన్‌లైన్‌లో దొరికే చవక అడాప్టర్లు చాలావరకు ప్లస్, మైనస్ మాత్రమే కలుపుతాయి. ప్రమాదం అక్కడే. చార్జ్ అయిపోయినప్పుడు కరెంటు కట్ చేసే బాధ్యతను కొన్ని కంపెనీలు ప్యాక్‌లో పెడతాయి, కొన్ని మెషీన్‌కి వదిలేస్తాయి. రెండో రకం ప్యాక్‌ని వేరే కంపెనీ మెషీన్‌కి తగిలిస్తే ఆపేవాళ్లే ఉండరు. గ్రైండర్ తిరిగినంతసేపు తిప్పుతారు, సెల్ 2.5 వోల్టుల కిందికి జారుతుంది, ఆ తరవాత చార్జర్ దాన్ని ఒప్పుకోదు. "నిన్నటిదాకా బాగానే ఉందన్నా" అంటూ తెచ్చే ప్యాక్‌లలో ఈ బాపతువి చాలా.

అడాప్టర్ అసలు వద్దని నేను అనను. లైటు, చిన్న బ్లోయర్ లాంటివాటికి వాడుకోండి, వేగం తగ్గగానే ఆపేయండి, పని కాగానే ప్యాక్ నుంచి ఊడదీయండి. కొన్ని అడాప్టర్లు ఊరికే ఉన్నా కొద్దికొద్దిగా కరెంటు తాగుతాయి. గ్రైండర్‌కీ, రోటరీ హ్యామర్‌కీ మాత్రం వద్దు.

అపోహ: పిన్ను పడితే చార్జర్ సరిపోయినట్టే

అన్నిటికంటే నాకు భయమేసేది ఇదే. చవక మెషీన్ల చార్జర్లకు గుండ్రటి పిన్ను ఒకేలా ఉంటుంది. 12 వోల్టుల డ్రిల్‌కి ఇచ్చేది 12.6 వోల్టుల చార్జర్, 21 వోల్టుల డ్రిల్‌కి ఇచ్చేది 21 వోల్టులది. రెండోది మొదటిదానికి గుచ్చితే 4.2 దగ్గర ఆగాల్సిన ఒక్కో సెల్ మీద 7 వోల్టుల దాకా పడొచ్చు. ప్యాక్ లోపల చార్జింగ్‌ని ఆపే సరైన సర్క్యూట్ బోర్డు లేకపోతే మంటలే. చార్జర్ మీద అవుట్‌పుట్ ఎంతో మార్కర్‌తో పెద్దగా రాసి పెట్టుకోండి.

అపోహ: ఎక్కువ ఆంపియర్-అవర్ బ్యాటరీ పెడితే మోటారు కాలిపోతుంది

ఆంపియర్-అవర్ అంటే బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందన్న లెక్క. మిద్దె మీద పెద్ద ట్యాంకు పెట్టినంత మాత్రాన కుళాయి పగలదు. మోటారు తనకు కావలసినంతే లాగుతుంది. పైగా 5 ఆంపియర్-అవర్ ప్యాక్‌లో సాధారణంగా రెండు వరసల సెల్స్ ఉంటాయి కాబట్టి లోడ్ పంచుకుంటాయి, వోల్టేజీ అంతగా పడిపోదు. బరువు మాత్రం చెయ్యి ఎత్తి పనిచేసే సీలింగ్ వాళ్లకు తెలుస్తుంది.

అపోహ: సెల్స్ మార్పిస్తే కొత్తదానితో సమానం

ఏ సెల్ వేశారన్నదాన్ని బట్టి. పవర్ బ్యాంక్‌లోదీ, డ్రిల్‌లోదీ బయటికి ఒకేలా కనిపిస్తాయి, 18 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు. కానీ గ్రైండర్‌ని గట్టిగా నొక్కితే 30 ఆంపియర్లు దాటి లాగుతుంది, అంత కరెంటు పవర్ బ్యాంక్ సెల్ ఇవ్వలేదు. పోయిన ఒక్కటే మార్చి మిగతావి పాతవి ఉంచే కక్కుర్తి కూడా పనికిరాదు. కొత్తది కొంటే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, దాని కింద 'ఆర్'తో మొదలయ్యే నంబరు చూడండి.

పూర్తిగా ఖాళీ చేసి చార్జ్ పెట్టాలన్నది నికెల్-కాడ్మియం కాలం మాట, లిథియంకి అది చేటు. మే నెల ఎండలో బండి డిక్కీలో వదిలేసిన ప్యాక్‌ని తీసీ తీయగానే చార్జింగ్‌కి పెట్టకండి, చల్లారనివ్వండి. ఉబ్బినదాన్ని పాత ఇనుము బండికి వేయకండి. టెర్మినల్స్ మీద టేపు అంటించి ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసినవాళ్లదే.