నాడి చూసే చోటి నుంచే

మా బాబాయికి యాంజియో (గుండె ధమనుల్లోకి సన్న గొట్టం పంపి అడ్డంకులు చూసే పరీక్ష) చేస్తున్నప్పుడు, ఆ పని జరిగే క్యాథ్ ల్యాబ్ బయట బంధువులందరిదీ ఒకటే ఆరా: "స్టెంట్ వేస్తే ఏ కంపెనీది వేస్తారట?" అడగడం సహజమే. క్షిపణుల కలాం, గుండె డాక్టరు సోమరాజు కలిసి 1990లలో స్టెంట్ (ధమనిని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) తయారు చేసిన హైదరాబాద్ కదా! కానీ లోపలికి ఎక్కడి నుంచి వెళ్తారు, చేతి నుంచా తొడ నుంచా అని ఎవరూ అడగలేదు. నాకైతే ముందు అడగాల్సింది అదే అనిపిస్తుంది.

గుండె కండరానికి రక్తమిచ్చే కరోనరీ ధమనులు బృహద్ధమని మొదట్లోనే పుడతాయి. చేతి ధమనిలోకి దూరినా, తొడ ధమనిలోకి దూరినా, రక్తప్రవాహానికి ఎదురీదితే అక్కడికి చేరొచ్చు. చిక్కంతా దూరడంలోనే. పూర్వం గొట్టాన్ని సూదిలోంచే పంపాలి కాబట్టి సూది గొట్టం కన్నా లావుండాల్సి వచ్చేది. ధమనికి అంత కన్నం పెడితే రక్తం ఆగుతుందా? 1953లో స్వీడన్ రేడియాలజిస్టు సెల్డింగర్ తేలికైన ఉపాయం చెప్పాడు. సన్న సూది గుచ్చి, అందులోంచి మెత్తని తీగ పంపి, సూది తీసేసి, తీగకు పూస ఎక్కించినట్టు గొట్టం ఎక్కించడమే. ఇవాళ్టికీ క్యాథ్ ల్యాబులో పని మొదలయ్యేది ఇలాగే.

చాలాకాలం తొడ మొదలే రాజమార్గం. అక్కడి ధమని పెద్దది, దొరకడం సులువు. కానీ లోతుగా ఉంటుంది. రక్తం కారితే ఒక్కోసారి బయటికి కనబడకుండా పొట్ట వెనక చేరుతుంది. మణికట్టు దగ్గర ఆ భయం తక్కువ. వైద్యుడు నాడి చూసే ఆ ధమని చర్మం కిందే ఉంటుంది, దాని వెనక ఎముక. నొక్కితే ఆగిపోతుంది. పైగా అరచేతికి రెండు ధమనులు వచ్చి కలుస్తాయి. నయాపూల్ మూసేస్తే చాదర్‌ఘాట్ మీదుగా మూసీ దాటమూ? అలాగే ఒకటి మూసుకుపోయినా సాధారణంగా రెండోది చేతిని కాపాడుతుంది.

1989లో మాంట్రియల్‌లో కాంపో అనే డాక్టరు ఈ మణికట్టు దారిలో యాంజియోలు చేసి చూపాడు. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కీమెనీ అనే డాక్టరు యాంజియోప్లాస్టీ (అడ్డంకిని బుడగతో తెరిచే చికిత్స) కూడా చేశాడు. ఈ రెండు దారుల్నీ పోల్చి 2015లో వెలువడిన మ్యాట్రిక్స్ అధ్యయనంలో 8,404 మంది రోగులున్నారు. నెలరోజుల్లో మరణాలు తొడ దారిలో 2.2 శాతం, చేతి దారిలో 1.6 శాతం. స్టెంట్ వల్ల వచ్చిన తేడా కాదిది, దారి వల్ల వచ్చింది.

అలాగని మణికట్టు దారి సుఖమేమీ కాదు. గొట్టాల లావును ఫ్రెంచ్ అనే కొలతలో చెబుతారు, మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు. తరచూ వాడే 6 ఫ్రెంచ్ గొట్టం 2 మిల్లీమీటర్లు. మణికట్టు ధమని లోపలి వెడల్పే 2, 3 మిల్లీమీటర్లు! అది బెదిరి బిగుసుకుంటే గొట్టం కదలదు. బాబాయికి అదే జరిగింది. "లోపల ఎవరో నరం పట్టుకుని లాగుతున్నారు" అన్నాడట. ధమని సడలే మందిచ్చి, కాసేపు ఆగి ముందుకెళ్లారు. డయాలసిస్ అవసరం పడొచ్చనుకునే కిడ్నీ రోగుల్లో ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపే ఏర్పాటు) కోసం ఈ ధమనిని వీలైనంత వరకు ముట్టుకోరు. కాలు నుంచి గొట్టం పంపి గుండె కవాటం మార్చే పనికైతే గొట్టాలు మరీ లావు, ఇందులో పట్టనే పట్టవు.

బాబాయి ఆ సాయంత్రమే లేచి కూర్చుని, కుడి మణికట్టుకు గాలి నింపిన ప్లాస్టిక్ పట్టీతో, ఎడం చేత్తో టీ తాగాడు. పక్క మంచం మీది పెద్దాయనకు తొడ నుంచి చేశారట. కాలు మడవొద్దని నర్సు అప్పటికి మూడుసార్లు చెప్పి వెళ్లింది.