ఆ వోల్టేజీ ఎక్కడిది? ఓమ్‌లు, వాట్ల లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

వోల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్, గుణిస్తే పవర్. స్కూల్లోనే నేర్చుకున్న లెక్క ఇది. మెయింటెనెన్స్ పనిలో రోజూ మీటరు పట్టుకుని తిరిగే నాకు అర్థమైందేమిటంటే, తప్పు భాగహారంలో జరగదు. ఎక్కడి వోల్టేజీ తీసుకున్నాం, దేనిలో పారే కరెంటు తీసుకున్నాం అన్న దగ్గర జరుగుతుంది. వస్తువు ఏదో ముందు తేల్చుకోవాలి. దాని రెండు కొసల మధ్య వోల్టేజీ, దానిలోనే పారే కరెంటు, రెండూ ఒకే సమయంలో కొలిచినవై ఉండాలి.

అపోహ: రెసిస్టెన్స్ ఎక్కువైతే వేడి ఎక్కువ.

సగం నిజం కాబట్టి ఇది అంత తేలిగ్గా వదలదు. 230 వోల్టుల లైనుకి నేరుగా కలిపే 1000 వాట్ల హీటరు 4.35 ఆంపియర్లు లాగుతుంది, అంటే దాని రెసిస్టెన్స్ సుమారు 53 ఓమ్‌లు. 2000 వాట్ల హీటరుకి అందులో సగమే ఉంటుంది. ఎక్కువ వేడి ఇచ్చేదానికే రెసిస్టెన్స్ తక్కువ! అవే రెండు హీటర్లను సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపి చూడండి. ఇప్పుడు రెండింటిలోనూ ఒకే కరెంటు, సుమారు 2.9 ఆంపియర్లు. 1000 వాట్లది 444 వాట్లు ఇస్తుంటే, 2000 వాట్లది 222 దగ్గరే ఆగిపోతుంది. వోల్టేజీ ఒకటే అయినప్పుడు తక్కువ ఓమ్‌లది ఎక్కువ వేడెక్కుతుంది, కరెంటు ఒకటే అయినప్పుడు ఎక్కువ ఓమ్‌లది.

అపోహ: మీటర్లో జీరో ఓమ్స్ వస్తే జాయింట్ బాగున్నట్టే.

ఒకసారి ఒక ప్యానెల్లో స్క్రూ టెర్మినల్ దగ్గర వైరు ఇన్సులేషన్ గోధుమరంగుకి తిరిగి గట్టిపడిపోయింది. సప్లై ఆపి ఓమ్స్‌లో కొలిచిన కుర్రాడు "జీరోనే చూపిస్తోంది అన్నా, జాయింట్‌లో ఏం లేదు" అన్నాడు. మల్టీమీటర్ లీడ్లకే 0.1, 0.2 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. అంత చిన్న తేడా ఆ రేంజ్‌లో పట్టుబడదు.

సప్లై ఇచ్చి, లోడ్ (కరెంటు వాడుకునే పరికరం) నడుస్తుండగా చూశాం. వైరులో 15 ఆంపియర్లు, జాయింట్‌కి ఇటూ అటూ 1.5 వోల్టులు. (లైవ్ మీద ఇలా కొలవడం శిక్షణ ఉన్నవాళ్లు మాత్రమే చేయాల్సిన పని. దయచేసి మిగతావాళ్లు ప్రయత్నించొద్దు.) భాగిస్తే 0.1 ఓమ్. వెంటనే ఆ కుర్రాడు 230 వర్గాన్ని 0.1తో భాగించి, "5,29,000 వాట్లు వస్తోంది అన్నా!" అని కంగారుపడ్డాడు. సూత్రం సరైనదే, వోల్టేజీయే ఆ జాయింట్‌ది కాదు. మిగతా 228.5 వోల్టులు లోడ్, వైర్లు పంచుకున్నాయి. జాయింట్ వాటా 1.5 మాత్రమే. 1.5ని 15తో గుణిస్తే 22.5 వాట్లు. 1.5 వర్గాన్ని 0.1తో భాగించినా అంతే, 15 వర్గాన్ని 0.1తో గుణించినా అంతే. చిన్న సోల్డరింగ్ ఐరన్ ఇచ్చేంత వేడి ఆ ఒక్క స్క్రూ కింద గంటల తరబడి పుడుతోంది. ఇన్సులేషన్ మాడక ఏం చేస్తుంది?

అపోహ: బల్బు రెసిస్టెన్స్ కొలిస్తే వాటేజ్ తెలిసిపోతుంది.

230 వోల్టుల, 100 వాట్ల ఫిలమెంట్ బల్బుకి లెక్క ప్రకారం 529 ఓమ్‌లు రావాలి. చల్లగా ఉన్నప్పుడు మీటరు పెడితే 40 ఓమ్‌ల చుట్టుపక్కల చూపిస్తుంది. రెండూ నిజమే. వెలిగేటప్పుడు టంగ్‌స్టన్ తీగ 2,000 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది, రెసిస్టెన్స్ పది రెట్లకు పైగా పెరుగుతుంది. చల్లటి ఓమ్‌లకి వేడి మీది వోల్టేజీని కలిపితే 1300 వాట్లు దాటుతుంది. స్విచ్ వేసిన ఆ క్షణంలో నిజంగానే ఆ లెక్కకి తగ్గ కరెంటు దూకుతుంది. పాత బల్బులు ఎక్కువగా స్విచ్ వేయగానే పోయేది అందుకే.

అపోహ: వోల్టేజీ 10 శాతం తగ్గితే హీటరు పవర్ కూడా 10 శాతమే తగ్గుతుంది.

కరెంటు కూడా తగ్గుతుంది కదా. 207 వోల్టుల దగ్గర 1000 వాట్ల హీటరు ఇచ్చేది 810 వాట్లే.

అపోహ: మోటారుకి వోల్టులు ఇంటూ ఆంపియర్లు, అవే వాట్లు.

డీసీకీ, హీటరు లాంటి లోడ్లకీ ఇది సరిపోతుంది. ఏసీ మోటారులో కరెంటు వోల్టేజీ కంటే కాస్త వెనకబడి వస్తుంది. 230 వోల్టులు, 5 ఆంపియర్లు గుణిస్తే 1150 వోల్ట్-ఆంపియర్లు. అందులో అసలు పవర్ ఎంత వంతో చెప్పేది పవర్ ఫ్యాక్టర్. అది 0.8 అయితే అసలు వాట్లు 920. అలాగే 230ని 5తో భాగిస్తే వచ్చే 46 ఓమ్‌లు నడుస్తున్న మోటారు ఇంపీడెన్స్, అంటే ఏసీకి అది చూపే మొత్తం అడ్డు. వైండింగ్‌ని (లోపలి తీగ చుట్టని) మీటర్‌తో కొలిస్తే అంతకంటే బాగా తక్కువ వస్తుంది. ఆ రీడింగ్ చూసి వైండింగ్ షార్ట్ అయిందని మోటారు విప్పేయకండి. వైరు సైజు ఎంచుకునేటప్పుడు మాత్రం 920ని 230తో భాగించి 4 ఆంపియర్లు అనుకోవద్దు. వైరులో పారేదీ, దాన్ని వేడెక్కించేదీ క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) చూపించే ఆ 5 ఆంపియర్లే.