స్టవ్‌లో అడ్డురేకు ఎందుకు వంగుతుంది?

చిరంజీవులైన పిల్లలకు, ఆశీస్సులు.

గది వెచ్చబెట్టే కట్టెల స్టవ్‌లో పైనున్న అడ్డురేకు వంగిందనీ, సుత్తితో కొట్టి సరిచేయాలా, కొత్తది కొనాలా అనీ అడిగారు. ముందు అది ఎందుకు వంగిందో తేల్చుకోండి. కారణం అలాగే ఉంటే కొత్త రేకుకూ అదే గతి పడుతుంది.

మంట నేరుగా పొగగొట్టంలోకి ఎగిరిపోకుండా ఆపి, ముందువైపు నుంచి చుట్టు తిప్పి పంపడం ఆ రేకు పని. మంట దెబ్బ ఎక్కువగా దాని నడిమి భాగానికే తగులుతుంది. అర మీటరు ఉక్కు 500 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. నడుమ సాగాలని చూస్తుంది, అంతగా కాలని అంచులు సాగనివ్వవు. 600 డిగ్రీల దగ్గర మామూలు ఉక్కుకు సగం బలమే మిగులుతుంది కాబట్టి, ఆ ఒత్తిడికి నడిమి లోహం తనలోకి తానే కుదించుకుపోతుంది. చల్లారాక అది మొదటి కొలత కంటే పొట్టిదై అంచుల్ని లాగుతుంది. వంకర అలా నిలిచిపోతుంది. మంట మితిమీరిన ప్రతిసారీ ఇంకాస్త పెరుగుతుంది.

ఇక చూడాల్సినవి. బూడిద అడుగున నిప్పు ఒక రోజు దాటినా బతికే ఉంటుంది, అందుకని స్టవ్ పూర్తిగా చల్లారాకే, పెద్దవాళ్ళు ఒకరు పక్కనుండగా, మాస్కు, చేతి తొడుగులు వేసుకుని మొదలుపెట్టండి. చాలా స్టవ్‌లలో ఈ రేకు పక్క అంచుల మీద ఊరికే ఆని ఉంటుంది. ఒకవైపు ఎత్తి, ఏటవాలుగా తిప్పితే బయటికొస్తుంది. దాని మీద పేరుకున్న మసి ఒక్కసారిగా రాలుతుంది, కింద పాత కాగితాలు పరచండి. రేకు మీద స్కేలు నిలబెట్టి చూడండి. వంకర కొద్దిగానే ఉండి, రేకు తన చోట సరిగ్గా కూర్చుంటే వాడుకోవచ్చు. రెండు వైపులూ ఒకేలా ఉన్న రేకైతే తిరగేసి పెట్టండి, మంట దాన్ని కొంత వెనక్కి తెస్తుంది. అంచు లేచి సందు పడితే మాత్రం మార్చాల్సిందే. ఆ సందులోంచి వేడి వాయువులు సూటిగా గొట్టంలోకి పోతాయి, గది వేడెక్కదు, గొట్టంలోని మసి అంటుకునే ప్రమాదం పెరుగుతుంది. రేకు పొరలు పొరలుగా ఊడుతున్నా మార్చండి.

దోషి తలుపు దగ్గరే దొరకడం ఎక్కువ. కాగితం ముక్కను తలుపు సందులో పెట్టి మూసి లాగండి. ఇలా చుట్టూ నాలుగైదు చోట్ల చేయండి. ఎక్కడైనా సులువుగా జారి వచ్చేస్తే అక్కడ సీలు తాడు, అంటే తలుపు అంచున గాలి చొరకుండా ఆపే తాడు, అరిగింది. ఆ సందులోంచి గాలి ఎక్కువగా చొరబడి మంట మితిమీరుతుంది. స్టవ్ బాగా పాతదైతే ఆ తాడులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, దాన్ని గీకొద్దు, తెలిసినవాళ్ళకు అప్పగించండి. కింద బూడిద పడే గూడు తలుపు తెరిచి మంట పెడితే కిందనుంచి గాలి కొలిమి తిత్తిలా కొడుతుంది. కట్టెలకే చేసిన స్టవ్‌లో బొగ్గు వేసినా మంట మితిమీరుతుంది. అడుగు జల్లెడ కమ్మీలు కుంగాయంటే కింద బూడిద పైదాకా పేరుకుందన్నమాట. ఆ కమ్మీల్ని చల్లబరిచేది కిందనుంచి వచ్చే గాలే.

సుత్తి సంగతి: పోతఇనుము సుత్తి దెబ్బకు వంగదు, పగులుతుంది, దాన్ని కొట్టనే కొట్టొద్దు. ఉక్కు రేకును సరిచేసినా కాలిన చోట మళ్ళీ వంగుతుంది. కొత్తది తయారీదారు చెప్పిన కొలతకే కొనండి. సాగడానికి చుట్టూ కాస్త ఖాళీ ఉండాలి, బిగుతుగా ఇరికించకండి. జింకు పూసిన రేకు వద్దు, వేడికి దాని పొగ విషమవుతుంది. ఫైర్ సిమెంటు, అంటే వేడికి తట్టుకునే సిమెంటు, చిన్న అతుకులకే పనికొస్తుంది.

పక్క గోడల ఇటుకల్ని కూడా చూడండి. పగిలి ఊడిన చోట మంట స్టవ్ ఒంటికే తగిలి గోడ ఉబ్బుతుంది. ఒంటిలో పగులు కనిపిస్తే స్టవ్ వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గదిలోకి వస్తుంది. దానికి రంగూ వాసనా లేవు, అందుకే గదిలో దాని అలారం పెట్టించండి.

కొత్త రేకు పెట్టిన రోజు చిన్న మంటతో మొదలుపెట్టండి. లైటు ఆర్పి చూసినప్పుడు రేకు ఎర్రబారితే 500 డిగ్రీలు దాటినట్టే, గాలి మీట తగ్గించండి. తలుపు సీలు సంగతి ఏమైందో రాయండి.

మీ తాతయ్య