సార్, నాక్కూడా నాన్నలాగే అవుతుందా?

కావలిలో డిగ్రీ చదివే పందొమ్మిదేళ్ల అబ్బాయి అనుకుందాం. వాళ్ల నాన్నకు స్కిజోఫ్రెనియా, అంటే లేని గొంతులు వినిపించే, లేనిపోనివి నిజమని నమ్మించే మానసిక జబ్బు. నెల రోజులుగా ఇతనికి సరిగ్గా నిద్ర లేదు. క్లాసులో అందరూ తన గురించే గుసగుసలాడుతున్నట్టు ఉంటోంది. అంతలోనే 'ఛ, నా భ్రమేమో' అనీ అనిపిస్తోంది. నెల్లూరులో డాక్టరుకు చూపించడానికి తీసుకొచ్చిన తల్లి, "వాడికి మాత్రం ఏమీ చెప్పకండి సార్" అని బతిమాలుతుంది. ఇంట్లో పెళ్లి కావలసిన కూతురుంది. 'ఆ ఇంట్లో పిచ్చి ఉంది' అన్న మాట పుడితే ఊళ్లు దాటిపోతుందని ఆమె భయం.

ఆ భయం ఉత్తది కాదు. అయినా దాచడం తప్పనే నేనంటాను. నాన్నను చూస్తూ పెరిగిన పిల్లవాడికి ఆ ప్రశ్న ఎప్పుడో పుట్టి ఉంటుంది. మనం చెప్పకపోతే అర్ధరాత్రి ఫోన్‌లో వెతుక్కుంటాడు. పైగా తన జబ్బు గురించి తెలుసుకునే హక్కునూ, గోప్యత హక్కునూ 2017 మానసిక ఆరోగ్య చట్టం ఇచ్చింది.

అనుభవమున్న డాక్టరు అంకెలతో మొదలుపెట్టడు. తల్లిని కాసేపు బయట కూర్చోమని, "నీకేమనిపిస్తోంది? ఎంతవరకు తెలుసుకోవాలనుంది?" అని అడుగుతాడు. లెక్క ఆ తర్వాత. మామూలుగా స్కిజోఫ్రెనియా నూటికి ఒకరికి వస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే పదిమందిలో దాదాపు ఒకరికి. దీన్నే 'పది రెట్లు ఎక్కువ' అంటే పిల్లవాడి గుండె జారిపోతుంది. 'పదిమందిలో తొమ్మిదిమందికి రాదు' అన్నదీ అదే లెక్క. రెండూ చెప్పాలి, ఒకే ఊపిరిలో చెప్పాలి.

'నా భ్రమేమో' అన్న ఆ అనుమానం చాలా విలువైనది. అది పోయి నమ్మకం గట్టిపడితే సైకోసిస్, అంటే ఏది నిజమో ఏది భ్రమో తేడా తెలియని స్థితి. ఇంకా ఊగిసలాటలో ఉంటే అది సైకోసిస్ వచ్చే ముప్పున్న దశ కావచ్చు. 1990లలో మెల్‌బోర్న్‌లో మానసిక వైద్యుడు ప్యాట్రిక్ మెక్‌గోరీ బృందం ఈ దశను గుర్తించే పద్ధతి తయారుచేసింది. ఈ దశలో ఉన్నవాళ్లలో సుమారు పాతికశాతం మందికే మూడేళ్లలోపు సైకోసిస్ వస్తుంది. ఎక్కువమందికి రాదు కాబట్టే, ముందే పేరు పెడితే ఆ ముద్ర మిగిలిపోతుందని చాలామంది వైద్యులు అభ్యంతరం చెప్పారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక జబ్బులను నిర్ధారించడానికి అమెరికా వైద్యులు రాసుకున్న పుస్తకం) దీన్ని ఇంకా పరిశోధించవలసిన వాటిలోనే ఉంచింది.

కాబట్టి ఆ అబ్బాయితో 'నీకు ఫలానా జబ్బు' అనరు. "ఇప్పుడు నీ మెదడు టెన్షన్‌కు తొందరగా లోనవుతోంది. నిద్ర సరిచేద్దాం. గంజాయి జోలికి వెళ్లకు, అది ముప్పును పెంచుతుంది. నెల నెలా వచ్చి మాట్లాడు" అంటారు. చాలాసార్లు ముందు మందులు కాదు, మాటలతో చేసే చికిత్సే.

గొంతులు వినిపించినా, అనుమానం పోయి నమ్మకమే మిగిలినా, చెప్పిన తేదీ దాకా ఆగకూడదు. నెల్లూరు దాకా వెంటనే రాలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు, అర్ధరాత్రయినా ఎత్తుతారు.