కుక్క వణుకుతోందా? ముందు కళ్లు చూడండి

పొద్దున బాగానే తిరిగిన కుక్క మధ్యాహ్నానికి గజగజ వణుకుతూ, తూలుతూ, పిలిస్తే పలక్కుండా మంచం కిందికి దూరితే మన ఇళ్లలో మొదట వినపడే మాట ‘దిష్టి తగిలింది’, లేదంటే ‘ఫిట్స్ వచ్చినయ్’. చలికి, భయానికి, నొప్పికి, జ్వరానికి కూడా కుక్క వణుకుతుంది. అయితే నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి పత్తి పండే చోట ముందు పురుగుల మందును అనుమానించడం మంచిది.

చేను గట్టున పారేసిన డబ్బా నాకినా, మందు కలిపిన బకెట్లో నీళ్లు తాగినా చాలు. బర్రెల గోమార్లకు తెచ్చిన మందునే కొలత చూడకుండా కుక్క ఒంటికి పూసేవాళ్లూ ఉన్నారు. కుక్క ఒళ్లు నాక్కుంటుంది కదా, పూసిందంతా కడుపులోకీ పోతుంది.

మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరానికీ కండరానికీ మధ్య దెబ్బకొడతాయి. కండరం బిగియాలంటే నరం కొసన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవ్వాలి. పని కాగానే, సెకనులో వెయ్యో వంతుల వ్యవధిలోనే, ఒక ఎంజైమ్ దాన్ని విరగ్గొడుతుంది. మందు పోయి ఆ ఎంజైమ్‌నే పట్టేసుకుంటుంది. ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోయి కండరాలు చర్మం కింద అదురుతూనే ఉంటాయి. నోట్లోంచి చొంగ, కళ్ల వెంట నీళ్లు, విరేచనాలు అన్నీ ఒకేసారి మొదలవుతాయి. కుక్కను నీడలోకి తీసుకెళ్లి కంటిపాప చూడండి. భయపడ్డ కుక్కకైతే అది పెద్దదవుతుంది. ఈ విషానికి చాలాసార్లు నీడలో కూడా గుండుసూది మొనంతే ఉంటుంది.

డాక్టరు ఇచ్చే అట్రోపిన్ చొంగను, ఊపిరితిత్తుల్లో చేరే నీటిని ఆపుతుంది గానీ కండరాల అదురును ఆపలేదు. దానికి ప్రాలిడాక్సిమ్ కావాలి, అదీ తొందరగా పడితేనే పనిచేస్తుంది. ఏ విషమో డాక్టరుకు వెంటనే తెలియాలి, అందుకే ఆ పురుగుల మందు డబ్బాను కవర్లో చుట్టి వెంట తీసుకెళ్లండి. మందు ఒంటిమీద పడి ఉంటే చేతులకు గ్లౌజులు తొడుక్కుని సబ్బునీళ్లతో కడగండి. ఉప్పునీళ్లు పోసి కక్కించొద్దు, వణికే కుక్కకు అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అసలైన ఫిట్స్ వేరు. కుక్క స్పృహ తప్పి పక్కకు పడిపోయి కాళ్లు కొట్టుకుంటుంది. సాధారణంగా రెండు నిమిషాల్లోపే ఆగిపోతుంది. తర్వాత కాసేపు కళ్లు కనపడనట్టు గోడలకు తగులుతూ తిరుగుతుంది. తాళంచెవులు, ఉల్లిగడ్డ వెతికే టైములో ఫోన్‌లో వీడియో తీస్తే డాక్టరుకు ఎంతో పనికొస్తుంది. నోట్లో చెయ్యి పెట్టొద్దు. ఐదు నిమిషాలు దాటినా, వెంటవెంటనే మళ్లీ వచ్చినా ఆలస్యం చేయకుండా దవాఖానకు తీసుకెళ్లాలి.

పిల్లలు పెట్టిన రెండు మూడు వారాలకు పామేరియన్ లాంటి చిన్న జాతి తల్లి కుక్క బిగుసుకుపోయి వణికితే, పాలల్లోకి పోయి రక్తంలో కాల్షియం పడిపోయిందేమో చూడాలి. కడుపుతో ఉన్నప్పుడే బలానికని కాల్షియం గోలీలు మింగిస్తే ఇది రావడానికి అవకాశం ఇంకా ఎక్కువ. బయటి నుంచి దండిగా వస్తుంటే, ఎముకల్లోంచి కాల్షియం తీసే గ్రంథి పని తగ్గించేసుకుంటుంది.

నిద్రలో కూడా ఒకే కాలో దవడో లయగా ఎగురుతుంటే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు కావచ్చు. టీకా వేయని కుక్క ఉన్నట్టుండి గుణం మారి, మింగలేక చొంగ కారుస్తుంటే మాత్రం రేబిస్ అనుకుని దూరంగా ఉండి, పశువుల డాక్టరును పిలవాలి. దాని చొంగ గాయానికి తగిలినా, పన్ను గీరినా 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, మనుషుల దవాఖానలో టీకా ఆ రోజే మొదలుపెట్టించుకోవాలి.