ఏఐలో పెడితే పాత ఫొటో క్లియర్ అయిపోతుందా? అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఫొటో ఎడిటింగ్ నా పని. ఈమధ్య ఎవరు ఏ ఫొటో తెచ్చినా "అన్నా, ఏఐలో పెట్టి జర క్లియర్ చెయ్యి" అంటున్నారు. నేనూ రోజూ ఆ టూల్స్ వాడతాను, వాటివల్ల చాకిరీ చాలా తగ్గింది. అవి ఏం చేస్తాయో, ఏం చేయలేవో తెలియక ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క పాత ఫొటోను పాడుచేసుకుంటున్నవాళ్లను చూస్తే మాత్రం బాధేస్తుంది.

అపోహ: మసకబారిన ముఖాన్ని ఏఐ మళ్లీ ఉన్నదున్నట్టు తెస్తుంది.

వాస్తవం: ఫొటోలో లేని వివరాన్ని ఏ టూలూ తేలేదు. తాను నేర్చుకున్న ముఖాలను బట్టి ఊహించి కొత్తగా గీస్తుంది. ముఖాలు బాగుచేసే జీఎఫ్‌పీగాన్, కోడ్‌ఫార్మర్ అనే టూల్స్ రెండూ ఫ్లికర్ అనే ఫొటోల వెబ్‌సైట్ నుంచి సేకరించిన 70,000 ముఖాల మీద నేర్చుకున్నవే. వాటిలో మన పల్లెల అవ్వల్లాంటి వాళ్లు ఎందరుంటారు? 2020లో పల్స్ అనే టూల్‌కు ఒబామా మసక ఫొటో ఇస్తే తెల్లజాతి మనిషి ముఖాన్ని గీసిచ్చింది.

ములుగు వైపు నుంచి ఒకాయన వాళ్లమ్మ ఫొటో ఫ్రేమ్ కట్టించడానికి తెచ్చాడు. అప్పటికే ఫోన్ యాప్‌లో "క్లియర్" చేయించాడు. నుదుటి మీది పచ్చబొట్టును యాప్ మరకనుకుని తుడిచేసింది. అమ్మవారు పోసిన మచ్చల్ని నున్నగా చేసింది. రెండు ముక్కుపుల్లల్లో ఒకటి మాయమైంది. ఫొటో అందంగానే ఉంది గానీ, "మా అమ్మలెక్క లేదు" అన్నాడు. అసలు ఫొటో దాచిపెట్టాడు కాబట్టి సరిపోయింది. దాన్ని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి గోడ, చీర, చిరిగిన అంచులు ఏఐకి అప్పగించాను. ముఖాన్ని మాత్రం మరకలు సరిచేసే హీలింగ్ బ్రష్‌తో చేత్తోనే చేశాను. ముఖం కొంచెం మసకగానే ఉండనివ్వండి, మనిషి మారకూడదు.

అపోహ: అడ్డొచ్చిన జనాన్ని తీసేస్తే వెనకున్నది బయటపడుతుంది.

వాస్తవం: వెనకేముందో టూల్‌కు తెలియదు. ఫొటోషాప్‌లో 2023లో వచ్చిన జెనరేటివ్ ఫిల్ అనే ఏఐ టూల్ ఆకాశం, గడ్డి, కరెంటు తీగల దగ్గర బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అదే ఖిలా వరంగల్ తోరణం ముందు ప్రీ వెడ్డింగ్ షూట్ చేసి, అడ్డొచ్చిన టూరిస్టులను తీసేయమంటే, కాకతీయుల శిల్పి చెక్కని తీగలు, పూలు పుట్టుకొస్తాయి. మన ఊరి రాయి మీద ఆ అబద్ధం నాకు నచ్చదు. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, జనం జరిగేదాకా ఆగి ఇంకో రెండు షాట్లు తీయండి. వాటిలోని అసలు రాతినే మాస్క్ చేసి (ఆ భాగం మాత్రమే కనపడేలా చేసి) కలపొచ్చు.

అపోహ: వాట్సాప్‌లో వచ్చిన ఫొటోనైనా ఎంత పెద్ద ప్రింటుకైనా సాగదీయొచ్చు.

వాస్తవం: 12x18 అంగుళాల ప్రింటుకు 300 డీపీఐ లెక్కన 3600x5400 పిక్సెళ్లు కావాలి. తక్కువైన పిక్సెళ్లను టూల్ ఊహతో నింపుతుంది. ఫొటోలో వెనకున్న గోడకైతే ఫర్వాలేదు గానీ, పుస్తెలతాడు అల్లిక మారిపోతే పెళ్లివాళ్లు ఇట్టే పట్టేస్తారు. పోచంపల్లి చీరలో రంగు అంచులు కొద్దిగా కలిసిపోయినట్టు ఉండటమే ఇక్కత్ అందం. టూల్ దాన్ని బ్లర్ అనుకుని గీత గీసినట్టు చేసేస్తుంది. వాట్సాప్‌లో ఫొటో పంపేటప్పుడు పిక్సెళ్లు తగ్గకుండా డాక్యుమెంట్‌గా పంపండి, సగం టెన్షన్ అక్కడే తీరుతుంది.

అపోహ: ఫ్లెక్సీ మొత్తం ఏఐతోనే చేయించొచ్చు.

వాస్తవం: బొమ్మ వరకు చేయించండి. తెలుగు వత్తులు, గుణింతాలు ఇప్పటికీ తప్పుతుంటాయి. అక్షరాలు విడిగా టైప్ చేయాల్సిందే.

అపోహ: వీసా ఫొటోను కూడా కాస్త తెల్లగా, నున్నగా చేస్తే మంచిదే.

వాస్తవం: దీని గురించి అడిగే పిల్లలకు గట్టిగానే చెబుతాను. అమెరికా వీసా ఫొటోలో రూపం మారేలా డిజిటల్ మార్పులు చేయకూడదని నిబంధన ఉంది. గత 6 నెలల్లో దిగిన ఫొటోనే ఇవ్వాలి. ఫోన్ కెమెరాలోని బ్యూటీ మోడ్ కూడా మార్పు కిందికే వస్తుంది, దాన్ని ఆపేయండి. నీడ పడిందనిపిస్తే ఎడిట్ చేయమని అడగకండి, లైటు సరిచేసి మళ్లీ తీస్తాం.